ఓపికున్నవాళ్ళు ఎడమవైపు తిరగండి

మా ఇంట్లో రెండు బళ్ళున్నాయి. ఒకటి నా స్కూటీ, ఇంకొకటి మా ఆయన వామనరావు గారి పాత స్కూటరు. ఇద్దరం మల్కాజిగిరిలో ఒకే గేటులోంచి బయటికొస్తాం, ఇద్దరం హబ్సిగూడకే వెళ్తాం. నేను అక్కడ రక్త పరీక్షల ల్యాబులో పనిచేస్తాను. ఆయన దాని వెనక వీధిలోనే జూనియర్ కాలేజీలో జువాలజీ చెప్తారు. నేను వెళ్ళి, బ్యాగు పెట్టుకుని, టీ తాగి, నలుగురి చేతుల్లోంచి రక్తం తీశాక కూడా ఆయన ఇంకా దారిలోనే ఉండేవారు. అది ఆయన తప్పేనని చాలాకాలం నమ్మాను. ఊరికే నమ్మడమేమిటి, నోటికొచ్చినట్టు అన్నాను కూడా.

నాకు కోపమెక్కువ. ఇందులో దాపరికం ఏమీ లేదు. పచ్చలైటు పడ్డాక ముందున్నవాడు కాస్త ఆలోచిస్తే చాలు, నా హారన్ వాడి వీపు మీద ఉంటుంది. మా ఆయన వేరే జాతి. ఎవడైనా అడ్డమొస్తే బండి ఆపి, కాలు కింద పెట్టి, "పోనీ పాపం, ఏం తొందరో" అంటారు. 'ఓర్చినమ్మకు తేటనీరు' అనే సామెత ఆయన పెళ్ళయిన కొత్తలో మొదలుపెట్టారు, ఇప్పటికీ ఆపలేదు. ఆ తేటనీళ్ళు ఏ బావిలో ఉన్నాయో నాకు మాత్రం కనబడలేదు.

ఇద్దరి ఫోన్లలోనూ దారి చెప్పేది తోవక్కే. యాప్ అసలు పేరు 'తోవ'. అందులో పలికేది ఆడగొంతు కాబట్టి ఊరంతా దానికి అక్కను తగిలించింది. దాన్ని తయారుచేసినవాళ్ళలో పెద్ద నా సొంత తమ్ముడు కిరీటి. దారి చూపించే యాప్‌లు అంతకుముందూ ఉన్నాయి, కానీ తోవక్క సంగతి వేరు. ఊళ్ళో సిగ్నళ్ళన్నీ దాని చేతికే అప్పజెప్పారు. ఎవరు ఎటు వెళ్ళాలో అదే చెప్తుంది, వాళ్ళు వచ్చే వేళకు పచ్చలైటూ అదే వేస్తుంది. అది లేకుండా రోడ్డెక్కితే ఏ వీధి తవ్విపోశారో, ఏది ఈ పూట వన్‌వే అయిందో ఆ దేవుడికే తెలియాలి.

దాన్ని పరీక్షించడం కిరీటి మా ఇంటితోనే మొదలుపెట్టాడు. ఒక ఆదివారం భోజనానికొచ్చి, చెయ్యి కడుక్కోకముందే ఫోన్లు అడిగాడు. నేను సవాలక్ష ప్రశ్నలు వేసి ఇచ్చాను. మా ఆయన ఒక్కటీ అడగకుండా, ఫోను చొక్కా అంచుకు తుడిచి మరీ ఇచ్చారు.

అప్పటినుంచి నాకు మెట్టుగూడ, తార్నాక, హబ్సిగూడ, గాలిలో తేలినట్టు దారి. ఆయనకు రోజుకో సందు. ఎక్కడున్నారని ఫోన్ చేస్తే "తోవక్క ఇటు తిప్పింది హైమా, ఇంకొద్దిగ ట్రాఫిక్ ఉన్నది" అనేవారు. కాలేజీలో మొదటి పీరియడ్ పోయేది, సగం రోజు జీతం పోయేది, ప్రిన్సిపాల్ ముందు తల వంచుకుని నిలబడాల్సి వచ్చేది. "ఒక్కరోజన్న అది చెప్పినట్టు పోకుండ్రి" అంటే, "కిరీటి చేసింది గద. ఊరంత కనబడుతది దానికి. మనకేం కనబడుతది?" అనేవారు. బావమరిది తెలివి మీద ఆయనకంత గురి. నాకేమో, ఇంత నిదానస్తుణ్ణి చేసుకున్నానే అని మంట.

మా ఒక్కగానొక్క కూతురు సుమేధ. ఆ పిల్లకు మొక్కలంటే పిచ్చి. వ్యవసాయ డిగ్రీలో సీటు కోసం రెండేళ్ళు పండగా పబ్బమూ లేకుండా చదివింది. ప్రవేశ పరీక్షను ఆ ఏటినుంచి రెండు విడతలు చేశారు, దేంట్లో మార్కులు ఎక్కువొస్తే అవే లెక్క. నిమిషం నిబంధన మాత్రం మార్చలేదు. దాని గురించి మన దగ్గర ఎవరికీ చెప్పనక్కర్లేదు. వేళకు ఒక్క నిమిషం దాటినా గేటు తెరవరు. గేటు బయట ఏడుస్తున్న పిల్లల ఫోటోలు ఏటా పేపర్లో వస్తాయి, మనం టీ తాగుతూ 'కాస్త ముందు బయల్దేరితే వీళ్ళ సొమ్మేం పోయింది' అంటాం. నేనూ అన్నదాన్నే.

మొదటి విడత రోజు మా ఇంట్లో జరగని శాస్త్రం లేదు. మా ఆయన హాల్ టికెట్‌కు కుంకుమ బొట్టు పెట్టి దేవుడి పటం ముందు పెట్టారు. హారతి ఇచ్చారు. పిల్ల నోట్లో పెరుగూ చక్కెరా పెట్టారు. ముత్తయిదువ ఎదురురావాలని నన్ను గేటు దాకా పంపి, నవ్వుతూ నడిచి రమ్మన్నారు. నేను నవ్వుతూ ఎదురొచ్చాను, వాళ్ళు స్కూటరెక్కి వెళ్ళారు. అరగంట దారికి గంటకు పైగా చేతిలో పెట్టుకుని మరీ వెళ్ళారు. ఇంట్లోకొచ్చి దీపం కొండెక్కిందేమోనని చూస్తే, బొట్టు పెట్టించుకున్న హాల్ టికెట్ స్వామి పాదాల దగ్గరే పడి ఉంది.

వెంటనే ఫోన్ చేశాను.

"మీరు ఎనకకు రాకుండ్రి! అట్లనే పోండ్రి, నేను తెస్త."

"అయ్యో, పైలం హైమా. మెల్లగ రా," అన్నారాయన.

మెల్లగా వెళ్ళే రోజా అది? హారన్ మీద వేలు తీయలేదు. ఒక బస్సును తిట్టాను, ఒక కారును తిట్టాను, ఇంకా కుడివైపు తిరగమనలేదని తోవక్కనూ తిట్టాను. మెట్టుగూడలో పచ్చలైటు. తార్నాకలో పచ్చలైటు. నాచారం చౌరస్తాలో నేను రావడమూ లైటు మారడమూ ఒక్కటే అయింది. చౌరస్తా అవతల ఇంజినీరింగ్ కాలేజీలో పరీక్ష. గేటు ముందు బండి ఆపి చుట్టూ చూశాను. నాకంటే ముందు బయల్దేరిన తండ్రీకూతుళ్ళు ఎక్కడా లేరు.

"ఎక్కడున్నరు?" ఫోన్లో అరిచాను.

"మౌలాలి గోదాముల సందుల. లారీలు అడ్డమున్నయ్. చౌరస్తా దగ్గర్నే చూపిస్తుంది, వచ్చేస్తం," అన్నారు. వెనక సుమేధ గొంతు వినబడింది. ఏడుపు ఆపుకుంటున్న గొంతు.

మైకులో రెండుసార్లు హెచ్చరిక చెప్పారు. గేటు సగం మూశారు. కూతురి హాల్ టికెట్ నా చేతిలో ఉంది, నేను గేటు దగ్గరున్నాను, కూతురు మాత్రం లేదు. కానిస్టేబుల్ గేటు పూర్తిగా మూస్తుంటే సందులో నా భుజం పెట్టాను. "మేడం, జరగండ్రి. రూల్ రూలే," అన్నాడతను. ఇద్దరు ఆడ కానిస్టేబుళ్ళు వచ్చి నన్ను పక్కకు లాగారు. గొళ్ళెం పడ్డాక స్కూటరు వచ్చింది. అది ఆగకముందే సుమేధ దూకి పరుగెత్తి, రెండు చేతులతో గేటు పట్టుకుంది. లోపలివాళ్ళు గడియారం చూపించారు.

"సీదా పోదమని చెప్పిన గద డాడీ," అంది సుమేధ. అంతే.

ఆయన హెల్మెట్ తీయడం కూడా మరిచిపోయి నిలబడ్డారు. స్కూటరుకు తగిలించిన ఫోనులోంచి తోవక్క తియ్యగా పలికింది: "మీరు గమ్యం చేరుకున్నారు. మీ ఓపికకు ధన్యవాదాలు, వామనరావు గారూ."

ఆ ధన్యవాదం నా చెవిలో ముల్లులా దిగింది. నాకు తోవక్క ఒక్కనాడూ ధన్యవాదాలు చెప్పలేదు మరి.

మర్నాడు సెలవు పెట్టి రాయదుర్గంలో కిరీటి ఆఫీసుకు వెళ్ళాను. అంత దూరమూ నాకు దారి ఇచ్చుకుంటూనే ఉంది తోవక్క మహాతల్లి. కిరీటి నన్ను చూసి లేచొచ్చాడు. మేనకోడలి సంగతి విన్నాడు కాబోలు, మొహం వాడిపోయి ఉంది.

"అక్కా, బావది ఆ రూటెట్ల వచ్చిందో నేనే చూస్తున్న. కూసో."

"కూసోను. చూపియ్యి."

గోడ పొడవునా ఊరి పటం వెలుగుతోంది. పటం నిండా చీమల్లా చుక్కలు, కొన్ని ఎర్రవి, కొన్ని నీలివి. ఎర్ర చుక్కలు పెద్ద రోడ్ల మీద చకచకా వెళ్తున్నాయి. నీలి చుక్కలు సందుల్లో గుంపులు గుంపులుగా నిలబడి ఉన్నాయి. చుట్టూ పదిమంది కుర్రాళ్ళు, ఆడపిల్లలు చెవులకు ఏవో తగిలించుకుని పనిచేస్తున్నారు. కిరీటి నిన్నటి ఉదయాన్ని వెనక్కి తిప్పి, నాచారం చౌరస్తాను పెద్దది చేశాడు. మౌలాలి వైపు నీలి చుక్కల ముద్ద. అందులో ఒకదాని మీద వేలు పెట్టాడు.

"ఇది బావ."

హబ్సిగూడ వైపునుంచి ఎర్ర చుక్కల వరస వస్తోంది. నీలి ముద్దకు పచ్చలైటు పడాల్సింది పడలేదు. ఎర్ర వరస వెళ్ళింది. మళ్ళీ నీలి ముద్ద వంతు వచ్చింది. మళ్ళీ పడలేదు. ఇంకొక ఎర్ర వరస దూసుకొచ్చింది.

"ఈ ఎర్రోళ్ళెవరురా? మంత్రులా?"

కిరీటి ఆ వరసలో ముందున్న చుక్కను తాకాడు. పక్కన అక్షరాలు వచ్చాయి: హైమావతి. ఓపిక తొమ్మిది. మా ఆయన చుక్కను కూడా తాకాడు. వామనరావు. ఓపిక తొంభై ఎనిమిది.

నన్ను వదలడానికి నా మొగుణ్ణీ నా కూతుర్నీ ఆపిందన్నమాట. హాల్ టికెట్‌ను పంపడానికి, దాన్ని అందుకోవాల్సిన పిల్లను నిలబెట్టింది.

"ఎవడు వేసిండ్రా ఈ మార్కులు?"

"ఫోనే వేస్తది అక్కా. హారన్ ఎన్నిసార్లు కొడ్తరు, బ్రేక్ ఎట్ల వేస్తరు, చెప్పిన రూట్ల పోతరా, తిట్టుకుంటరా, అన్నీ వింటది. ఎవరు ఎంతసేపు ఆగగలరో దానికి తెలుస్తది." వాడికి మెల్లగా ధైర్యం వచ్చింది. పని గురించి మాట్లాడితే వాడికెప్పుడూ అంతే. "ఆలస్యం మాయం కాదక్కా. ఇన్ని బండ్లకు ఇన్నే రోడ్లు. ఊరంత కలిపి రోజుకింత ఆలస్యం ఉంటనే ఉంటది, ఎక్కడో ఒక దిక్కు పెట్టాలె. ఇంతకుముందు ఎవని మీద పడితే వాని మీద పడుతుండె. ఇప్పుడు మోయగలిగినోళ్ళ మీద పెడ్తున్నం."

"మోయగలుగుతమని వాళ్ళు చెప్పిండ్రా నీకు?"

"ఒద్దని చెప్పలే గదా. అడగందే అమ్మయినా పెట్టదంటరు."

"అమ్మను తేకు నడుమ! అమ్మ అడగనోనికే ముందు పెట్టేది. నీకే పెట్టేదిరా, అన్నం దగ్గర నోరిప్పకపోతుంటివని."

వాడు తల దించుకున్నాడు. ఐనా ఊరుకోలేదు. "నీలాంటోళ్ళను ఆపితే ఏమైతదో తెలుసా? రాంగ్ సైడ్ల దూరుతరు. లైన్ తప్పుతరు. గుద్దుకుంటరు. పోయిన యేటికంటే ఈ యేడు రోడ్ల మీద చచ్చేటోళ్ళు తగ్గిండ్రు అక్కా. నిజంగ తగ్గిండ్రు. అంబులెన్సులు టైముకు పోతున్నయ్. అది తప్పా?"

అది తప్పని నేననలేను. అనలేకపోవడంతో నా కోపం రెండింతలైంది. మెత్తనివాణ్ణి చూస్తే మొత్తబుద్ధి అని పెద్దవాళ్ళన్నది మనుషుల దుర్గుణం గురించి. వీడు ఆ దుర్గుణాన్నే యంత్రం చేసి, ఊరికి తగిలించి, దాని గొంతుకు తేనె పూసి ధన్యవాదాలు చెప్పిస్తున్నాడు. నోరు మంచిదైతే ఊరు మంచిదని మాకు చిన్నప్పుడు నేర్పారు. ఈ ఊళ్ళో నోరు చెడ్డదైతేనే దారి మంచిది.

"నీకు తెలుసు గదా," అన్నాను. "మీ బావను సందులల్ల తిప్పుతుందని నీకు మొదటినుంచీ తెలుసు."

కిరీటి పటాన్ని మళ్ళీ చిన్నది చేశాడు. పక్కనున్న అమ్మాయి, మాట కలపాలనుకుందో ఏమో, నవ్వుతూ అంది: "వామనరావు గారు మీ హస్బెండా మేడం? మాకిక్కడ ఆయనంటే హీరో. సిటీలోనే టాప్ స్కోర్. కొత్తవాళ్ళకు డెమో ఇచ్చేటప్పుడు ఆయన ట్రాకే చూపిస్తాం."

ఆ పిల్లనేమీ అనలేదు. కిరీటిని మాత్రం, పుట్టినప్పటినుంచి ఎత్తుకు తిరిగిన తమ్ముణ్ణి, పదిమంది ముందు అనరాని మాటలన్నీ అన్నాను. కుర్రాళ్ళు చెవులకు పెట్టుకున్నవి తీసి లేచి నిలబడ్డారు.

చివరికి వాడన్నది ఇదీ: "నేనొక్కణ్ణి ఆపితే ఆగదక్కా, సిగ్నళ్ళన్నీ దానిమీదనే నడుస్తున్నయ్. బావ స్కోరు చేతితో మార్చనీకి నాకు పర్మిషన్ లేదు. బావనే కొద్దిగ మారమను. రోజూ హారన్ కొట్టమను, తిట్టమను. మూడు వారాలల్ల రెండో విడత ఉంది గద, అప్పటికి దిగుతది."

విన్నారా? మంచివాణ్ణి చెడగొట్టుకోమని సలహా. అదీ ఉచితంగా.

అయినా ఇంటికొచ్చి చెప్పాను. పిల్ల సీటు ముందు మానాభిమానాలేముంటాయి? మా ఆయన మొత్తం విన్నారు. కోపం తెచ్చుకుంటారనుకున్నాను. "అయితే నేను మోసిన ఆలస్యంతోని ఇంకెవరన్న జల్ది పోయిండ్రంటవా?" అని అడిగారు. నాకు తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది.

సాయంత్రం అపార్టుమెంటు సెల్లారులో పాఠం మొదలైంది. స్కూటరెక్కి, తోవక్కను పెట్టుకుని, ఆయన తిట్టాలి. సుమేధ గురువు. పరీక్ష పోయాక ఆ పిల్ల మొహంలో కాస్త కళ కనిపించింది ఆ సెల్లారులోనే.

"హారన్ కొట్టు డాడీ. గట్టిగ."

ఆయన ఒకసారి నొక్కి, చుట్టూ చూసి, ఎదురుగా కారు తుడుస్తున్న వాచ్‌మన్‌కు "సారీ యాదగిరీ" అన్నారు.

"ఇప్పుడు తిట్టు."

"ఏమని తిట్టాలె?"

"ఏ సందులకు తిప్పినవే అని తిట్టు."

ఆయన గొంతు సవరించుకున్నారు. "ఏమమ్మా... ఎప్పుడూ ఇదే సందేనా? కొద్దిగ ఆలోచించాలె గదా," అన్నారు.

సుమేధ నవ్వింది. నేనూ నవ్వాను. ఆయన నవ్వలేదు. హ్యాండిల్ వదిలి స్కూటరు దిగారు. "నాతోని కాదు హైమా," అన్నారు చివరికి. "నేను కాలేజీల పిల్లలను కూడ తిట్టలే. నా బిడ్డ కోసం కూడ నాకు కోపం వస్తలేదంటే నేనేం తండ్రిని?" ఆ మాటతో మా నవ్వు చచ్చింది.

రోజూ ప్రయత్నించారు. వారం తిరిగేసరికి ఆయన ఓపిక తొంభై ఏడుకు దిగిందని కిరీటి మెసేజ్ పెట్టాడు. పక్కన చప్పట్లు కొట్టే బొమ్మ కూడా పెట్టాడు. ఆ రోజునుంచి వాడి నంబరు నేను ఎత్తలేదు.

రెండో విడత వచ్చింది, మళ్ళీ అదే కాలేజీలో. ఇది పోతే సుమేధకు ఏడాది పోయినట్టే, ఇంకో తలుపు లేదు. నేనే తీసుకెళ్తానన్నాను. నా కోపమే నాకు పాసు కదా. దారి ఎవరినుంచి లాక్కుంటున్నానో తెలిసీ అన్నాను. తల్లిని, ఇంకేమనాలి?

చెప్పులు వేసుకుంటుంటే ఆయన హెల్మెట్ తీసుకుని వచ్చారు. "నేను ముందు పోత," అన్నారు.

"మీరెందుకు?"

"నేను ఆ మౌలాలి సందుల ఉంట. ఇయ్యాల ఆగేటోడు ఎట్లయిన ఒకడు కావాలె గద దానికి. అదేదో నన్నే ఆపుకోమను. మీకు దారి వస్తది, ఇంకో పిల్ల మీద పడకుంట ఉంటది."

నేను వద్దనలేదు. అనాలని నోటిదాకా వచ్చింది, కానీ పిల్ల గడియారం చూస్తోంది. ఆయన స్కూటరు మలుపు తిరగడం చూసి నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి, నీళ్ళకంటే ముందు కోపం వచ్చింది. కూతురి దారి కోసం తండ్రి వెళ్ళి అడ్డంగా నిలబడాల్సిన ఊరిది.

ఆ రోజు దారంతా పచ్చలైట్లే. నా ముందూ నా వెనకా నాలాంటివాళ్ళే, హారన్ల మోతతో చెవులు చిల్లులు పడుతున్నాయి. ఒక్కడూ ఇంకొకడికి దారివ్వడు, అందరికీ దారి దొరుకుతోంది. నాచారం చౌరస్తా దాటేటప్పుడు మౌలాలి వైపు చూశాను. స్కూటర్లూ, ఆటోలూ, స్కూలు పిల్లల వ్యానూ, అందరూ కాళ్ళు కింద పెట్టుకుని ఎర్రలైటు చూస్తున్నారు. ఒక్క హారన్ లేదు. సుమేధ కూడా అటే చూసింది.

గేటు తెరిచే ఉంది. సుమేధ లోపలికి వెళ్ళి, ఒకసారి వెనక్కి తిరిగి చెయ్యి ఊపింది. నా ప్రాణం లేచొచ్చింది. ఆ సంతోషం అబద్ధం కాదు, దాన్ని నేనెందుకు కాదనాలి?

గేటు మూశారు. గొళ్ళెం పడింది. ఆ వెంటనే పాత మోపెడ్ మీద ఒకాయన, వెనక సుమేధ వయసు పిల్ల వచ్చారు. పిల్ల చేతిలో పరీక్ష అట్ట. వాళ్ళ వెనకే మా ఆయన స్కూటరు. మోపెడ్ ఇంకా ఆగలేదు, మా ఆయన దూకి గేటు దగ్గరికి పరుగెత్తారు. ఆయన పరుగెత్తడం నేను పెళ్ళయ్యాక చూడలేదు.

"సార్! సార్, ఒక్క పిల్ల సార్! నా ఎదురుంగనే ఉన్నరు సిగ్నల్ దగ్గర. వాళ్ళ తప్పు లేదు సార్!"

కానిస్టేబుల్ అడ్డంగా తల ఊపాడు. నేనూ వెళ్ళి గేటు బాదాను. గడియారాన్ని తిట్టాను, రూల్‌ను తిట్టాను, రూల్ పెట్టినవాళ్ళ ఏడుతరాలను తిట్టాను. మోపెడ్ ఆయనే వచ్చి నన్ను ఆపాడు. కొమురయ్య అట పేరు.

"ఒద్దమ్మా. ఆ సారు డ్యూటీ ఆ సారు చేస్తుండు. మీ బిడ్డ లోపలికి పోయింది గద? మంచిగ రాయాలె."

నన్ను ఎవరైనా చెంప మీద కొట్టినా అంత బాధ ఉండేది కాదు. ఈ మనిషి ఓపికెంతో నాకు తెలుసు. పటంలో నీలి చుక్క అయి ఉంటాడు. తొంభై దాటి ఉంటుంది.

"అన్నా, మీకు పచ్చలైటు ఎందుకు పడలేదో తెలుసా?" అన్నాను. "తోవక్క మమ్మల్ని పంపింది కాబట్టి. నా బిడ్డ మీ దారిల పోయింది."

ఆయనకు అర్థం కాలేదు. "రోడ్డు అందరిది గదమ్మా," అన్నాడు.

మా ఆయన హెల్మెట్ తీసి స్కూటరు సీటు మీద పడేశారు. అది దొర్లి కింద పడింది, చూడలేదు. "నేనొక్కణ్ణి ఆగితే సరిపోలే హైమా," అన్నారు. "ఎంతమందిని ఆపినా దానికి సరిపోదు. వానికి ఫోన్ కలుపు."

"ఎవనికి?"

"కలుపు అంటున్న గద!"

అరిచారు. గేటు ముందున్న తల్లిదండ్రులందరూ ఇటు తిరిగారు. నేను కలిపాను. మొదటి రింగుకే కిరీటి ఎత్తాడు.

"అక్కా! నువ్వే చేసినవా, హమ్మయ్య. చూస్తున్న ఇక్కడ, గ్రీన్‌ల వచ్చేసిండ్రు గద? సుమేధ లోపలికి పోయిందా?"

ఆయన నా చేతిలోంచి ఫోను తీసుకున్నారు. "కిరీటీ, నీతోని ఒకరు మాట్లాడుతరు. పెట్టెయ్యకు," అన్నారు. పిల్ల దగ్గరికి వెళ్ళి ఫోను చేతిలో పెట్టి, "తోవక్కను చేసిన సారు, అమ్మా. నువ్వేం అడగాలనుకుంటే అది అడుగు," అన్నారు.

పిల్ల తండ్రి వైపు చూసింది. కొమురయ్య తల ఊపాడు. ఆ పిల్ల కళ్ళు తుడుచుకుని, టీచరుతో మాట్లాడుతున్నట్టు నిటారుగా నిలబడి, స్పీకరు పెట్టింది.

"నమస్తే సార్. నా పేరు సంధ్యారాణి. మేము పొద్దుగాలనే బయల్దేరినం సార్. తోవక్క ఎడమకు అంటే ఎడమకు తిరిగినం, ఆగుమంటే ఆగినం. మా నాయిన ఒక్కసారి కూడ లైన్ తప్పలే. మేము ఎక్కడ తప్పు తిరిగినమో జర చెప్పండ్రి సార్, మల్ల అట్ల తిరగం."

కిరీటి వెనక ఆఫీసులో ఎవరో నవ్వడం, కుర్చీ జరగడం వినబడ్డాయి. వాడు పెట్టెయ్యలేదు, పెట్టెయ్యడానికి కూడా వాడికి చెయ్యి రాలేదు.

"సార్?" అంది ఆ పిల్ల. కాసేపు చూసి మళ్ళీ, "సార్, ఉన్నరా?" అంది.

నా కోపమంతా నాలుక చివరికొచ్చింది. మా ఆయన నా చెయ్యి పట్టుకుని ఆపారు. ఆ పిల్ల ఫోనును రెండు చేతుల్లో పట్టుకుని, ఎండలో, జవాబు వస్తుందని నిలబడే ఉంది.